‘బ్రాడ్‌కాస్టెడ్’ అని రాయవచ్చునా?

కృష్ణాతీరం:
వరిని నేరుగా విత్తే పద్ధతిపై మా కార్యాలయం కోసం ఇంగ్లీషులో ఒక కరపత్రం తయారుచేస్తున్నాను. దమ్ము చేసి (నీరు పెట్టి దున్ని) చదును చేసిన మడిలో మండె కట్టిన (నానబెట్టి మొలకెత్తించిన) విత్తనాన్ని చల్లారు అనే అర్థంలో ‘బ్రాడ్‌కాస్టెడ్’ అని రాశాను. పై అధికారి చివరి ‘ఎడ్’ను ఎర్రసిరాతో కొట్టివేసి, పక్కన ‘అయినా ఇది రేడియో వాళ్ల మాట’ అని వ్యాఖ్యానించారు. ‘ఎడ్’ చేర్చడం నిజంగా తప్పేనా? ఈ మాటకు పొలంతో సంబంధం లేదా? తెలిసినవారు చెప్పగలరు.

పాతపాఠం:
మీ అధికారి దిద్దినది సరైనదే. ‘కాస్ట్’ అనే క్రియకు వర్తమానం, భూతకాలం, భూత కృదంతం (పాస్ట్ పార్టిసిపుల్) మూడూ ఒకే రూపంలో ఉంటాయి. దానికి ముందు ‘బ్రాడ్’ చేర్చినా, ‘ఫోర్’ చేర్చినా మూల క్రియ స్వభావం మారదు. ‘కటెడ్’, ‘పుటెడ్’ అని రాసిన పిల్లవాడికి మార్కులు తగ్గించే మనం, ‘బ్రాడ్‌కాస్టెడ్’ అని రాసిన పెద్దవాడిని వదిలిపెట్టడం న్యాయం కాదు.

మెట్టసేద్యం:
రెండవ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కనుక నేను చెబుతాను. ఆ మాట రేడియో పుట్టకముందే పొలంలో పుట్టింది. ‘బ్రాడ్’ అంటే వెడల్పు, ‘కాస్ట్’ అంటే విసిరిన. చేతితో నలుదిక్కులా చల్లిన విత్తనాన్ని గురించి చెప్పే విశేషణంగా అది 1767 నాటికే ఇంగ్లీషులో కనిపిస్తుంది. 1813 నాటికి విత్తడమనే అర్థంలోనే క్రియ అయింది. రేడియో వాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నది 1921 ప్రాంతంలో. అప్పటికి ఇంగ్లండులో జెత్రో టల్ విత్తన గొర్రును తయారుచేసి రెండు శతాబ్దాలు దాటింది. వరుసల్లో విత్తడం వచ్చిన తరువాతే పాత పద్ధతికి ప్రత్యేకంగా ఒక పేరు అవసరమైందని నా ఊహ. అందరూ చల్లుతున్న రోజుల్లో విత్తడమంటేనే చల్లడం కదా.

చల్లడం చేతకానితనం అనుకునేవారు ఒక్కసారి నువ్వులు చల్లి చూడాలి. గింజ మరీ సన్నం కనుక దానికి మూడింతల ఇసుక కలుపుతాము. లేకపోతే పిడికిట్లో నుంచి ఒకచోట కుప్పగా పడి, పక్క గజం ఖాళీగా మిగులుతుంది. గంప చంకన పెట్టుకొని, అడుగు వేసే లయకు చేయి విసరాలి. గాలి తిరిగితే ఆగాలి. మీ అధికారికి ఈ సంగతి తెలియకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

గోదారిగట్టు:
మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లేస్తారు. దాన్ని రేడియో వాళ్లు చేయలేరు.

కృష్ణాతీరం:
పాతపాఠం గారూ, మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు రెండు రూపాలనూ ఇస్తోంది. ‘బ్రాడ్‌కాస్ట్’ ఎక్కువగా వాడతారన్నది నిజమే కాని, అరుదైనది కావడం వేరు, తప్పు కావడం వేరు.

పాతపాఠం:
నిఘంటువు జనం చేసే పనిని నమోదు చేస్తుంది. అది చేయమని ఆజ్ఞాపించదు. నేను ఉద్యోగంలో చేరక ముందు ఒక కార్యాలయంలో అనువాదకుల ఎంపికకు వెళ్లినప్పుడు, ఇదే మాటకు ‘ఎడ్’ చేర్చి చదివినందుకు ముగ్గురు పరీక్షకులు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వారు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. మీరు చూపించే నిఘంటువు పుట ఆ రోజు నా చేతిలో ఉన్నా వాళ్లు నవ్వు ఆపేవారు కాదు. నా దగ్గర చదివినవారికి ఆ అవమానం కలగకూడదని ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను.

కృదంతం:
వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. ‘కాస్ట్’ అనే క్రియకు ‘బ్రాడ్’ చేర్చగా ఈ మాట పుట్టిందని పాతపాఠం గారు అనుకుంటున్నారు, కాని జరిగింది వేరు. ముందు పుట్టినది విశేషణం; అందులోని ‘కాస్ట్’ అప్పటికే ‘విసిరిన’ అనే కృదంతం. ఆ విశేషణాన్ని తరువాత క్రియగా వాడుకున్నారు. ఇంగ్లీషులో నామవాచకం నుంచో, విశేషణం నుంచో పుట్టిన క్రియ తన లోపలి ముక్క వంశాచారాన్ని పాటించనవసరం లేదు. ‘స్టాండ్’కు భూతకాలం ‘స్టుడ్’ అయినా, ‘గ్రాండ్‌స్టాండ్’ అనే నామం నుంచి వచ్చిన క్రియకు ‘గ్రాండ్‌స్టాండెడ్’ అనే అంటారు. బేస్‌బాల్‌లో బంతిని పైకి కొట్టి అవుటైన ఆటగాణ్ని గురించి ‘ఫ్లై’కి మామూలు భూతకాలమైన ‘ఫ్లూ’ అనకుండా ‘ఫ్లైడ్ అవుట్’ అంటారు. ఆ లెక్కన ‘బ్రాడ్‌కాస్టెడ్’ అన్నవాడు నియమం తెలియక అన్నాడని చెప్పలేము. అయితే వాడుకలో గెలిచింది ‘బ్రాడ్‌కాస్ట్’ అన్న సంగతినీ కాదనలేము.

పాతపాఠం:
మనకు బేస్‌బాల్ ఎందుకండీ? పరీక్ష పత్రం దిద్దేవాడు బేస్‌బాల్ చూసి దిద్దడు.

పక్కింటివాడు:
‘విత్తనాన్ని చల్లండి’ అని ఆజ్ఞార్థకంలో రాస్తే గొడవే ఉండదు కదా.

కృష్ణాతీరం:
అది ప్రశ్నను దాటవేయడమే. పాతపాఠం గారూ, మీరు మొదట వ్యాకరణం అన్నారు. కృదంతం గారు వ్యాకరణం చూపిస్తే పరీక్ష అన్నారు. పరీక్షలో నవ్వినవారిది తప్పు కావచ్చునని ఒక్కసారైనా అనలేదు. మీ అభ్యంతరం ‘ఎడ్’ మీద కాదని నాకు అనిపిస్తోంది. ఇంగ్లీషు విషయంలో మనం ఎప్పటికీ అప్పు తెచ్చుకున్నవాళ్లలాగే ఒదిగి ఉండాలని మీ అభిప్రాయం. మన దేశపు వాడుకలో స్థిరపడిన ‘ప్రీపోన్’ (ముందు తేదీకి జరపడం) అనే మాటను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువే చేర్చుకున్న తరువాత కూడా మనం ఇంకా ఎవరి నవ్వుకు భయపడాలి?

పాతపాఠం:
అవును, అదే నా అభిప్రాయం, చెప్పడానికి సిగ్గుపడను. ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాడు ‘బ్రాడ్‌కాస్టెడ్’ అంటే దాన్ని ప్రయోగం అంటారు, పల్లెటూరి బడిలో చదివినవాడు అంటే దాన్ని అజ్ఞానం అంటారు. ఆ తేడా అన్యాయమే. అన్యాయమని తెలిసి కూడా నా విద్యార్థిని దాని ముందుకు ఒట్టి చేతులతో పంపలేను. మీ ఉద్యోగం మీకు ఉంది కనుక మీరు ధైర్యం చెప్పగలుగుతున్నారు.

కృదంతం:
ఇది ఇప్పుడు భాషాశాస్త్రం దాటిపోయింది. అయినా పాతపాఠం గారి చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు.

మెట్టసేద్యం:
మీరంతా ఒక ‘ఎడ్’ కోసం కొట్టుకుంటున్నారు; ఆ అధికారి ‘రేడియో మాట’ అన్న సంగతిని మళ్లీ మరిచిపోయారు. నా బాధ అక్కడ ఉంది. చల్లవద్దు, వరుసల్లో వేయండి అని మాకు చెప్పినవారే, నాట్లకు కూలీలు దొరకక ఖర్చు పెరిగేసరికి, నారుమడి వద్దు, నేరుగా చల్లండి అని కరపత్రాలు వేస్తున్నారు. కలుపు ఎవరు తీస్తారో మాత్రం వాటిలో ఎప్పుడూ సరిగా ఉండదు. పోనీ, వారు చెప్పే మాట పొలానిదని అయినా వారికి తెలియాలి కదా. మన ‘వెదజల్లు’ కూడా ఆ దారినే నడిచింది. వెద అంటే విత్తడం. పొలంలోని ఆ మాటతోనే ఇప్పుడు మల్లె పరిమళం వెదజల్లుతోంది అంటున్నాము. కృష్ణాతీరం గారూ, ఇంతకూ ఈ కరపత్రం ఎవరి కోసం? ఇంగ్లీషులో ఎందుకు?

కృష్ణాతీరం:
ఇంగ్లీషు ప్రతి పై కార్యాలయం వారి పరిశీలనకు మాత్రమే. రైతులకు పంచే తెలుగు ప్రతి అక్కడే తయారై నిన్న నా దగ్గరకు వచ్చింది. అందులో ‘మొలకెత్తిన విత్తనాన్ని మడి అంతటా సమానంగా ప్రసారం చేయవలెను’ అని ఉంది.

గోదారిగట్టు:
ఏ కేంద్రం నుంచి?

మెట్టసేద్యం:
వరి విత్తడం మీద రైతుకు ఇచ్చే కాగితంలో ‘ప్రసారం’! దయచేసి అచ్చుకు వెళ్లకముందే ‘వెదజల్లాలి’ అని మార్పించండి. అది జరిగిన తరువాత మీ భూతకాలం సంగతి తీరికగా మాట్లాడుకుందాం.

పాతపాఠం:
తెలుగు ప్రతిని తప్పక మార్చాలి, అందులో నాకు భేదాభిప్రాయం లేదు. ఇంగ్లీషు ప్రతిలో ‘ఎడ్’ కూడా తీసివేయాలి.