వహీదా రెహమాన్ సినిమాలు ఐదు సాయంత్రాలు వేయాలి: ఏవి, ఏ వరుసలో, ఎలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా వీధి గ్రంథాలయం హాల్లో డిసెంబరులో ఐదు సాయంత్రాలు వహీదా రెహమాన్ సినిమాలు వేద్దామని కమిటీ అనుకుంటోంది. టికెట్ లేదు. కుర్చీలు 80 పడతాయి. వచ్చేవాళ్ళలో సగంమంది అరవై దాటిన తెలుగువాళ్ళు. పాత హిందీ పాటలు నోటికొచ్చు గానీ మాటలు పూర్తిగా అందవు. మిగతా సగం ఒడియా మీడియం పిల్లలు. వాళ్ళు తెలుగు మాట్లాడతారు, చదవలేరు.

నాకు తెలియాల్సినవి మూడు. ఏ ఐదు సినిమాలు, ఏ వరుసలో? పాత నలుపు తెలుపు సినిమాలు ప్రొజెక్టరులో వేస్తే మొహాలు సాగిపోయి, నలుపంతా బూడిదరంగులా కనిపిస్తుంది. ఎందుకలా, ఎలా సరిచేయాలి? ఆవిడ గురించి ఒక పేజీ కరపత్రం వేస్తున్నాం, అందులో తప్పు దొర్లకుండా ఏం రాయాలి? కమిటీలో ఎక్కువమంది 'గైడ్'తో మొదలెట్టమంటున్నారు.

ఏరువాక_పున్నమి (బరంపురం)

'గైడ్'తో వద్దండీ. మూడు గంటల సినిమా అది. పైగా పదేళ్ళలో కూడబెట్టుకున్న విద్యంతా ఆవిడ అందులో గుమ్మరించింది. ముందే చూపిస్తే తర్వాతి సాయంత్రాలు వెలవెలబోతాయి.

మనవాళ్ళు ఆవిడని మొదట చూసిన చోటునుంచే మొదలెట్టండి. 'రోజులు మారాయి' (1955)లో 'ఏరువాకా సాగారో'. సినిమా మొత్తం అక్కర్లేదు, పాట చాలు. కొసరాజు గారి మాట, మాస్టర్ వేణు వరస, జిక్కి గొంతు. ఆ వెంటనే 'బంబై కా బాబూ' (1960)లో ఆశా భోంస్లే పాడిన 'దేఖ్‌నే మే భోలా హై' వినిపించండి. ఎస్.డి. బర్మన్ ఆ వరసనే తీసుకుని చేసిన పాట అది. హాల్లో పెద్దవాళ్ళు ఒక్కసారిగా లేచి కూర్చుంటారు. తెలుగు నాగలి పాట బొంబాయి దాకా ఎలా నడిచిందో ఉపన్యాసం లేకుండా తెలిసిపోతుంది.

ఆ పాటలో ఆవిడ పాదాలు, మెడ, కనుబొమలు చూడమని చెప్పండి. చిన్నప్పుడే భరతనాట్యం నేర్చుకున్న మనిషి. తర్వాత హిందీలో ఆవిడ నటనంతా ఆ నాట్యాన్ని లోపల దాచుకున్న నటన. ఈ ఒక్క దారం పట్టుకుంటే ఐదు సాయంత్రాలూ ఒక దండవుతాయి.

మొదటి రోజు పాట అయ్యాక 'ప్యాసా' (1957). గులాబో పాత్ర. రెండు చోట్లు గుర్తు పెట్టుకోండి. 'జానే క్యా తూనే కహీ' పాటలో వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ కవిని తన వెంట నడిపించుకుంటుంది. నాట్యంలో అభినయం అంటారే, అదే, కాకపోతే వీధి నడక వేషంలో ఉంటుంది. రెండోది 'ఆజ్ సజన్'. కింద కీర్తన నడుస్తుంటే ఈవిడ మెట్లెక్కి మేడమీద అతని వెనక దాకా వెళ్తుంది, తాకదు, వెనుదిరుగుతుంది. ఒక్క మాట లేదు. మీ పెద్దవాళ్ళకి ఆ భాగానికి ఏ అనువాదమూ అక్కర్లేదు.

రెండో రోజు 'కాగజ్ కే ఫూల్' (1959), మన దేశంలో సినిమాస్కోప్‌లో తీసిన మొదటి సినిమా. విడుదలైనప్పుడు ఆడలేదు, దాని దర్శకుడు గురుదత్ ఆ తర్వాత దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. 'వక్త్ నే కియా' పాటలో ఖాళీ స్టూడియోలో పైనుంచి దిగే వెలుగు స్తంభం ఉంటుంది. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి అద్దాలతో ఎండని లోపలికి మళ్ళించి చేసిన పని. ఆ వెలుగులో ఆవిడ దాదాపు కదలదు. మొదటి రోజు ఏరువాక పాటలో ఎగిరిన అమ్మాయి ఈవిడేనా అనిపించాలి.

మూడో రోజు 'తీస్రీ కసమ్' (1966). నౌటంకీ (ఉత్తరాది జానపద నాటకం) ఆటగత్తె హీరాబాయి, ఎడ్లబండి తోలే రాజ్‌కపూర్. పాటల రచయిత శైలేంద్ర నిర్మాత, కథ ఫణీశ్వర్‌నాథ్ రేణుది, ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. నాటకాలు, జాతర ఆటలు చూసి పెరిగిన మనవేపు జనానికి ఇది సూటిగా తగులుతుంది.

నాలుగో రోజు 'గైడ్' (1965). సంవత్సరం వెనక్కి వెళ్తున్నారని ఎవరైనా అంటే పట్టించుకోకండి. బండిమీద పరాయిగా కూర్చున్న ఆటగత్తె తర్వాత, కాళ్ళకి గజ్జెలు తనంతట తానే కట్టుకున్న రోజీ రావాలి. పాములవాళ్ళ దగ్గర నాట్యం నిదానంగా మొదలై ఎక్కడికి వెళ్తుందో చూస్తారు కదా, అక్కడ ఎవరినీ లేవనివ్వకండి.

ఐదో రోజు 'నీల్ కమల్' (1968). ఫిలింఫేర్ ఉత్తమ నటి అవార్డు రెండోసారి తెచ్చిన సినిమా.

వంశధార_ఒడ్డు (గుణుపురం)

ఏరువాక గారి వరుస నాలుగో రోజు దాకా ఒప్పుకుంటాను. ఐదో రోజు 'నీల్ కమల్' మాత్రం వద్దు. అవార్డు వచ్చిన మాట నిజమే. కానీ అందులో ఆవిడ చేయగలిగినదానికి కథ చోటివ్వలేదు. 'ఖామోషీ' వేయండి. నర్స్ రాధ పాత్ర. ప్రేమలో దెబ్బతిని మతిచెడిన రోగికి ప్రేమ నటించి నయం చేయాలి. ఒకసారి చేసింది, తను విరిగింది. రెండోసారి మళ్ళీ చేయమంటారు. కమల్ బోస్ ఛాయాగ్రహణం, హేమంత్ కుమార్ సంగీతం. రెండో సగంలో ఆవిడ గొంతు పెంచే చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

మన జనానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇదే కథ బెంగాలీలో సుచిత్రా సేన్ చేసింది, తెలుగులో 'చివరకు మిగిలేది' (1960)గా సావిత్రి చేసింది. ఆ సినిమా చూసిన పెద్దవాళ్ళు మీ హాల్లో తప్పకుండా ఉంటారు. సినిమా అయ్యాక పదిహేను నిమిషాలు వాళ్ళకే వదిలేయండి. సావిత్రి కన్నీటితో చెప్పిందాన్ని ఈవిడ కన్నీరు ఆపుకుని చెప్పింది, ఏది ఎక్కడ బాగుందో వాళ్ళే తేలుస్తారు.

పిల్లలకోసం ఆదివారం మధ్యాహ్నం అదనపు ఆట వేయగలిగితే 'రామ్ ఔర్ శ్యామ్' (1967). 'రాముడు భీముడు'కి హిందీ. దర్శకుడు తాపీ చాణక్య, 'రోజులు మారాయి' తీసిందీ ఆయనే. ఇది కరపత్రంలో తప్పక వేయండి, చాలామందికి తట్టని సంగతి.

కరపత్రం గురించి. ఎక్కువగా దొర్లే తప్పు జన్మస్థలం. హైదరాబాదు అని రాసేస్తుంటారు. 1938 ఫిబ్రవరి 3న చెంగల్పట్టులో పుట్టింది. హైదరాబాదు గురుదత్ ఆవిడ గురించి మొదట విన్న ఊరు. అక్కడినుంచి బొంబాయి వెళ్ళి 'సి.ఐ.డి.' (1956)లో చేసింది. పేరు మార్చుకోమంటే ఒప్పుకోలేదు, నచ్చని దుస్తులు వేసుకోనని ఒప్పందంలో రాయించుకుంది. కొత్త అమ్మాయి, వెనక పెద్ద అండ లేదు, అయినా ఆ షరతు పెట్టింది. ఆ రెండు వాక్యాలు ఆవిడ స్వభావాన్ని చెప్తాయి, తప్పకుండా వేయండి.

రెండో తప్పు: తెలుగులో ఆ ఒక్క పాటే చేసిందనడం. 1955లోనే ఎన్టీఆర్ 'జయసింహ'లో నటించింది. తర్వాత అక్కినేని 'బంగారు కలలు' (1974), కృష్ణ 'సింహాసనం' (1986), 'చుక్కల్లో చంద్రుడు' (2006). బెంగాలీలో సత్యజిత్ రాయ్ 'అభిజాన్' (1962) కూడా వదలకండి.

మూడోది అవార్డులు కలగాపులగం చేయడం. జాతీయ ఉత్తమ నటి 'రేష్మా ఔర్ షేరా' (1971)కి, 'గైడ్'కి కాదు. 'గైడ్'కి వచ్చింది ఫిలింఫేర్. పద్మశ్రీ 1972, పద్మభూషణ్ 2011. దాదాసాహెబ్ ఫాల్కే 2021 సంవత్సరానికి, అందుకున్నది 2023లో. రెండు సంవత్సరాలూ రాయండి, లేకపోతే ఎవరో ఒకరు తప్పంటారు.

గురుదత్‌తో స్నేహం మీద పుకార్లకి కరపత్రంలో చోటివ్వకండి. ఒక పేజీలో అరపేజీ అదే మింగేస్తుంది. ఆవిడ పని మీద పెట్టాల్సిన చూపు పక్కకి పోతుంది.

తెర_వెనక (రాయగడ)

రెండో ప్రశ్నకి నేను చెప్తాను.

మొహాలు సాగడానికి కారణం ప్రొజెక్టరు సెట్టింగే. 'ప్యాసా' లాంటివి 1.37:1 (వెడల్పు:ఎత్తు) చట్రంలో తీసినవి, దాదాపు చదరం. మీ ప్రొజెక్టరు 16:9. 'ఫుల్' లేదా 'స్ట్రెచ్' పెడితే బొమ్మ అడ్డంగా 30 శాతం సాగుతుంది, సన్నటి మనిషి బొద్దుగా అవుతుంది. 'జూమ్' పెడితే ఇంకా అన్యాయం. వెడల్పు నింపడానికి పైనా కిందా కలిపి 23 శాతం కోసేస్తుంది. ఏరువాక గారు పాదాలు చూడమన్నారు కదా, ఆ కోతలో ముందు పోయేవి పాదాలే. 'ఆటో' లేదా 'ఒరిజినల్' పెట్టండి. 12 అడుగుల తెరమీద బొమ్మ 9 అడుగుల పావు వెడల్పులో వస్తుంది, రెండు పక్కలా నల్లగా ఉంటుంది. అది లోపం కాదని ముందే ప్రకటించండి, లేకపోతే సగంలో ఎవరో రిమోట్ పట్టుకుంటారు.

'కాగజ్ కే ఫూల్'కి లెక్క తిరగబడుతుంది. 2.35:1 కనుక నలుపు పైనా కిందా వస్తుంది, బొమ్మ ఎత్తు 5 అడుగులు. టీవీకోసం పక్కలు కోసిన ప్రింట్లు బాగా తిరుగుతున్నాయి. ఆ వెలుగు స్తంభం షాట్‌లో ఇద్దరూ చెరో కొసనా నిలబడతారు. కోసిన ప్రింట్‌లో ఒకరే మిగులుతారు, పాటకి అర్థమే పోతుంది. ఆ షాట్ ఒక్కటి తీసి చూసుకుంటే ప్రింట్ మంచిదో కాదో నిమిషంలో తేలుతుంది.

బూడిదరంగుకి రెండు కారణాలు. ఒకటి హాల్లో వెలుగు. ప్రొజెక్టరు నలుపుని వేయలేదు, వెలుగు వేయకపోవడమే దాని నలుపు. కిటికీలోంచి వీధిలైటు గోడమీద పడితే అక్కడ నలుపు ఉండదు. డిసెంబరులో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, ఆరున్నరకి మొదలెట్టండి, కిటికీలకి ముదురు దుప్పట్లు కట్టండి, తలుపు మీద వెంటిలేటరు మరిచిపోకండి. రెండోది 'వివిడ్', 'డైనమిక్' మోడ్‌లు. 'సినిమా' మోడ్ పెట్టి కలర్ సున్నాకి దించండి, నీలం జీర పోతుంది. డబ్బా మీద పెద్ద అంకె చూసి చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టరు అద్దెకి తేకండి. ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్స్ (వెలుగు కొలత) 3000 ఉన్నది అడగండి, ఆ తెరకి సరిపోతుంది.

ధ్వని ఆ రోజుల్లో మోనో. రెండు స్పీకర్లూ తెర పక్కనే పెట్టండి, వెనకవి ఆపేయండి. పెళ్ళి మైకుసెట్టు అయితే ఎకో బటన్ సున్నాలో ఉందో లేదో చూడండి. గీతాదత్ గొంతుకి ఎకో తగిలిస్తే మాటలన్నీ ముద్దవుతాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ చాలా థాంక్స్ అండి. ఐదో రోజు 'ఖామోషీ'కి కమిటీ ఒప్పుకునేలా ఉంది. ఇంకో రెండు. పెద్దవాళ్ళకి తెలుగు సబ్‌టైటిల్స్ మేమే చేసుకుంటున్నాం, మొదట సరిగ్గా ఉండి పోనుపోనూ వెనకబడుతున్నాయి. హక్కుల సంగతేంటి?

తెర_వెనక (రాయగడ)

అది వేగం తేడా. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కొన్ని డీవీడీలు 25కి మార్చినవి, 4 శాతం త్వరగా నడుస్తాయి. రెండున్నర గంటలకి 6 నిమిషాల తేడా. వీఎల్‌సీ ప్లేయర్లో జి, హెచ్ మీటలతో జరిపితే ఆ క్షణానికి సరిపోతుంది, పది నిమిషాలకి మళ్ళీ జారుతుంది. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చి సేవ్ చేయండి. అసలైతే 24 ఉన్న ప్రింటే వెతకండి. 25 ప్రింట్‌లో పాటల శ్రుతి కూడా అర స్వరానికి కాస్త తక్కువగా పెరుగుతుంది, పాటలు నోటికొచ్చిన మీవాళ్ళు వెంటనే పట్టేస్తారు.

ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే తెలుగు బదులు పిచ్చిగీతలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టండి. వత్తులు కింది వరుసని తాకకుండా వరుసల మధ్య ఖాళీ పెంచండి. ఒకసారికి రెండు వరుసలు మించొద్దు. 'కాగజ్ కే ఫూల్'కి అక్షరాలు కింది నల్లపట్టీలోకి దించండి, అక్కడ పది అంగుళాల దాకా ఖాళీ ఉంటుంది. పాటలకి సబ్‌టైటిల్ తీసేసి, అర్థం కరపత్రం వెనకవేపు వేయడం మేలు. పిల్లలకి హిందీ మాట అందుతుంది, ఉర్దూ మాటలే కష్టం. ఒక్కో సినిమాకి ఇరవై మాటలు ఒడియాలో రాసి గోడకి అంటించండి.

హక్కులు: టికెట్ లేకపోయినా నలుగురికి చూపిస్తే బహిరంగ ప్రదర్శనే. ఇంట్లో చూడటానికి కొన్న డీవీడీ గానీ ఓటీటీ చందా గానీ దానికి చెల్లదు. సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్ళు ఉంటుంది. ఆ లెక్కన 'ప్యాసా'కి 2017తో, 'కాగజ్ కే ఫూల్'కి 2019తో, 'గైడ్'కి 2025తో తీరుతుంది. 'తీస్రీ కసమ్'కి 2026 చివరిదాకా ఉంది, 'రామ్ ఔర్ శ్యామ్'కీ 'ఖామోషీ'కీ అంతకన్నా ఎక్కువే. పాటల సాహిత్యానికి, సంగీతానికి లెక్క వేరు, రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళు. అందుకని పాతవాటికి కూడా హక్కుదారునుంచి ఉత్తరం తెప్పించుకోవడం మంచిది. నెలన్నర ముందే రాయండి. తేదీ, ఊరు, హాలు పేరు, కుర్చీల సంఖ్య, టికెట్ లేదన్న మాట అన్నీ మొదటి ఉత్తరంలోనే పెట్టండి, లేకపోతే ఒక్కో ప్రశ్నకి ఒక్కో వారం పోతుంది.

ఏరువాక_పున్నమి (బరంపురం)

'ఖామోషీ'కి నేనూ ఒప్పుకుంటున్నాను, వంశధార గారి మాటే సరి. ఒక్కటి చేర్చండి. ఆ రోజు సినిమాకి ముందు 'ఏరువాకా సాగారో' మళ్ళీ ఒక్కసారి వేయండి, సబ్‌టైటిల్ లేకుండా, చట్రం పూర్తిగా, పాదాలతో సహా.