1650 తీసేసి ఏ గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి? బడ్జెట్ 30 వేలు, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) 450 వాట్లు

గోదారి_గేమర్:
నాలుగేళ్లుగా జీటీఎక్స్ 1650తోనే నెట్టుకొస్తున్నా. డూమ్ డార్క్ ఏజెస్ ఆడదామంటే రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని లెక్కగట్టి చూపే పద్ధతి) లేని కార్డు మీద అసలు నడవదు, ఇక మార్చక తప్పదు. రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్. కొత్త 4060 తీసుకోనా, ఒకాయన 16 వేలకు ఇస్తానంటున్న సెకండ్ హ్యాండ్ 3060 12 జీబీ తీసుకోనా? ఎస్ఎంపీఎస్ సరిపోతుందా? క్యాబినెట్ చిన్నది, కార్డు పొడవు పడుతుందా? 600 వీఏ యూపీఎస్ తట్టుకుంటుందా?

పాలమూరు_ప్లేయర్:
4060 లాంటి 8 జీబీ మెమరీ కార్డు జోలికి పోకు అన్నా. నేను పోయిన ఏడాది కొని ఇప్పుడు బాధపడుతున్నా. టెక్స్చర్లు హై పెడితే గంట బాగానే ఉంటుంది, తర్వాత తల తిప్పినప్పుడల్లా ఆగి ఆగి కదులుతుంది. పైగా 4060కి లేన్లు, అంటే బోర్డుతో డేటా పోయే దారులు, 8 మాత్రమే, నీ బీ450 బోర్డేమో పాత, నెమ్మది పీసీఐఈ జెన్ 3. మెమరీ నిండి ర్యామ్‌లోకి పోయిందంటే ఆ సన్న దారిలో ఇంకా నెమ్మదిస్తుంది. 3060కి 16 లేన్లు. 12 జీబీయే తీసుకో.

కూకట్‌పల్లి_144:
లేన్ల గొడవతో ఆయన్ని భయపెట్టొద్దు. మెమరీ నిండనంత వరకు జెన్ 3లో తేడా కంటికి కనపడదు. నాదీ బీ450యే, 4060 పెట్టి ఏడాదిన్నర అయింది. 115 వాట్ల కార్డు, ఫ్యాన్ చప్పుడే వినపడదు. డీఎల్ఎస్ఎస్ ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించేది) 3060లో రాదు. 450 వాట్ల ఎస్ఎంపీఎస్ చాలా ఎక్కువ, కళ్లు మూసుకుని కొనెయ్.

సాల్డరింగ్_బెజవాడ:
కళ్లు మూసుకుని కొనమనే సలహాల వల్లే నా బల్ల మీదికి వారానికి నాలుగు కాలిన బోర్డులొస్తున్నాయి. పన్నెండేళ్లుగా ఇదే పని నాది. తమ్ముడూ, ఆ 450 ఏ కంపెనీదో చెప్పావా? క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిందా? స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశాడో చూడు. పైన పెద్ద అక్షరాల్లో 450 అని ఉండి, ఆ గడిలో 16 ఆంపియర్లే ఉంటే నీకు దక్కేది 192 వాట్లు. కార్డు, ప్రాసెసర్ రెండూ తాగేది ఆ లైన్ నుంచే.

కూకట్‌పల్లి_144:
3600కి మహా అయితే 88, కార్డుకి 115, మిగతావాటికి 50. లెక్క నేనూ చేయగలను. మాదీ 450యే, ఒక్కసారి కూడా ఆగలేదు. రిపేరు షాపుకి పాడైనవే వస్తాయి, మీకు లోకమంతా అలాగే కనపడుతుంది.

సాల్డరింగ్_బెజవాడ:
మీది 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని సర్టిఫికెట్ ఉన్నది) అయి ఉంటుంది, అది చెప్పకుండా 450 చాలు అంటే వినేవాడు 700 రూపాయల డబ్బాతో నడుపుతాడు. ఎన్విడియావాళ్లే 4060కి 550 వాట్లు పెట్టుకోమన్నారు. ఊరికే అన్నారా?

కూకట్‌పల్లి_144:
బ్రాంజే. అయితే ఏంటి? ఆయన అడిగింది కార్డు గురించి.

నల్గొండ_నైట్‌షిఫ్ట్:
బెజవాడ అన్న చెప్పింది నాకు జరిగింది. లోకల్ ఎస్ఎంపీఎస్‌లో కార్డుకి కరెంటిచ్చే 8 పిన్ కనెక్టర్ లేకపోతే షాపతను పాత మోలెక్స్ ప్లగ్గు నుంచి మార్చే కన్వర్టర్ ఇచ్చాడు, ఏం కాదన్నాడు. మూడో వారం కాలిన వాసన. చూస్తే కనెక్టర్ కరిగి కార్డుకి అంటుకుపోయింది. వారంటీ అడిగితే "ఫిజికల్ డ్యామేజ్" అని చేతులు దులిపేసుకున్నారు. ఆ కార్డు కోసం ఎనిమిది నెలలు దాచుకున్నా. దయచేసి ఎవరూ కన్వర్టర్లు వాడొద్దు.

డల్లాస్_తెలుగబ్బాయి:
ఇక్కడి నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకో, ధర తగ్గుతుంది.

నల్గొండ_నైట్‌షిఫ్ట్:
వద్దు. మా బావ అలాగే తెచ్చాడు. ఆరు నెలలకు డిస్‌ప్లే పోతే ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో సీరియల్ నంబర్ చూసి, ఇండియా పీస్ కాదని తిప్పి పంపారు. మళ్లీ అటు పంపే దిక్కు లేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో బిల్లుతో కొనుక్కో, రెండు వేలు ఎక్కువైనా పర్లేదు.

శ్రీకాకుళం_వాలరెంట్:
మీరంతా కార్డు కార్డు అంటున్నారు గానీ 144 హెర్ట్జ్‌కి అడ్డుపడేది ప్రాసెసర్. నేను 3600 తీసి 5600 వేశాను, అదే బోర్డు. వాలరెంట్‌లో కార్డు మార్చినప్పుడు రాని తేడా అప్పుడొచ్చింది. ముందు బయోస్ (బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యాలి, కరెంటు పోయే వేళ మాత్రం వద్దు.

పాలమూరు_ప్లేయర్:
ఆయన ఆడాలనుకునేది డూమ్ బాబూ, వాలరెంట్ కాదు.

సాల్డరింగ్_బెజవాడ:
ఆ 16 వేల 3060 గురించి ఒక మాట. 2022 సెప్టెంబర్‌లో కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టో మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు గుట్టలుగా అమ్మకానికొచ్చాయి. మైనింగ్ చేసిన ప్రతిదీ చెత్త కాదు, వేడి లాగే పేస్టు, ప్యాడ్లు మార్చి ఇచ్చినవి ఇప్పటికీ నడుస్తున్నాయి. కానీ ఎదురుగా ఫర్‌మార్క్ (కార్డుని పూర్తిగా శ్రమపెట్టే టెస్ట్) పావుగంట పెట్టించు, హాట్‌స్పాట్ (చిప్‌లో అత్యధిక వేడి) చూడు. స్క్రూ మీద సీలు చిరిగిందా చూడు. "ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి" అన్నాడంటే లేచి వచ్చెయ్. ఇంకోటి, 3060 తాగేది 170 వాట్లు. నీ డబ్బాతో దానికీ కుదరదు.

గోదారి_గేమర్:
ఇప్పుడే పక్క తలుపు తీసి చూశాను. 12 వోల్టులు, 17 ఆంపియర్లు. అంటే 204 వాట్లు. 8 పిన్ కూడా లేదు. ఇన్నాళ్లూ 1650 బోర్డు స్లాట్ ఇచ్చే కరెంటుతోనే నడిచింది కాబట్టి తెలియలేదు. ఈ నెల 550 బ్రాంజ్ ఒకటి కొంటా, కార్డు పైనెల. క్యాబినెట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

కూకట్‌పల్లి_144:
వెనక స్లాట్ నుంచి ముందు ఫ్యాన్ వరకు టేపుతో కొలువు. రెండు ఫ్యాన్ల 4060 అయితే 250 మిల్లీమీటర్లు చాలు. 600 వీఏ యూపీఎస్ ఆటకి కాదు, సేవ్ చేసి ఆపుకోవడానికే. ఎస్ఎంపీఎస్ మార్చడం మంచి పనే, ఆ ఆంపియర్లు నేను అడగాల్సింది.

తెనాలి_ఆఫీస్‌పీసీ:
మధ్యలో వస్తున్నా, నాది ఆఫీసులో అమ్మేసిన పాత సన్న డబ్బా పీసీ, 8 పిన్ లేదు. 3050 6 జీబీకి కనెక్టర్ అక్కర్లేదు కదా, 70 వాట్లే. పొట్టి బ్రాకెట్‌తో వచ్చేది విజయవాడలో ఎక్కడైనా దొరుకుతుందా?