ఆపరేషన్‌లో తీసిన ముక్కని బయోబ్యాంకుకి ఇమ్మంటున్నారు, సంతకం పెట్టాలా?

కృష్ణలంక_కుర్రాడు:
అమ్మకి రొమ్ములో గడ్డ, గురువారం హైదరాబాద్‌లో ఆపరేషన్. ఆసుపత్రి పేరు వద్దులెండి. నిన్న సంతకాలకిచ్చిన కాగితాల కట్టలో ఆరో పేజీలో ఒక పేరా ఉంది: తీసిన ముక్కలో మిగిలింది, కొంచెం రక్తం, కేస్ షీట్ వివరాలు బయోబ్యాంకులో దాచి "భవిష్యత్తులో జరిగే ఏ పరిశోధనకైనా" వాడుకోవచ్చట. ఇదేంటని అడిగితే కౌంటర్లో అమ్మాయి "అందరూ పెడతారు సార్" అంది. అమ్మేమో "ఎలాగూ పారేసేదే కదరా, ఎవరికైనా పనికొస్తే ఇయ్యి" అంటోంది. అన్నయ్య మాత్రం రేపు కంపెనీలకి అమ్ముకుంటారు, ససేమిరా వద్దంటున్నాడు. నా టెన్షన్ వేరే, పెట్టకపోతే ట్రీట్‌మెంట్‌లో తేడా చూపిస్తారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాథాలజీ_మూల:
ల్యాబులో 12 ఏళ్ళుగా ఈ ముక్కలతోనే నా పని. పెట్టకపోతే వైద్యం తగ్గించకూడదు, ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఒప్పుకోవు. ఆపరేషన్ కన్సెంటూ ఇదీ ఒకే సంతకంలో కలిపేస్తే వేరే ఫారం ఇమ్మని అడగండి. ఆ మార్గదర్శకాల ప్రకారం శాంపిల్ ఇచ్చినవాళ్ళదే, బయోబ్యాంకు దానికి కాపలాదారు మాత్రమే, మనసు మారితే వెనక్కి అడగొచ్చు. మెలిక ఎక్కడంటే, శాంపిల్‌కి పేరు తీసేసి కోడ్ నంబర్ ఇస్తే ఆ నంబర్ పట్టుకుని వెతికి తీయగలరు, అదే పేరుకీ శాంపిల్‌కీ ఉన్న లింకు పూర్తిగా తెంపేస్తే ఇక అమ్మగారిది ఏదో వాళ్ళకే తెలియదు, తర్వాత ఏదైనా పనికొచ్చే విషయం బయటపడినా మీకు కబురు రాదు. ఈ రెండిట్లో ఏదో అడగండి. ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు: రిపోర్టు కోసం ముక్కని మైనంలో బిగించి చేసే పారఫిన్ బ్లాక్ మీకు తర్వాత కావాలి, సెకండ్ ఒపీనియన్‌కో జీన్ టెస్టుకో. బయోబ్యాంకుకి వెళ్ళేది అది కాదు, రోగనిర్ధారణ అయ్యాక మిగిలిందే అని రాయించుకోండి.

భద్రాద్రి_బాబాయ్:
కాగితం మీద అన్నీ బాగుంటాయండీ. మా ఖమ్మం జిల్లాలో 2009లో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకాలు వేశారు, ఆశ్రమ పాఠశాలల్లో చాలామందికి తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. అది టీకా, బయోబ్యాంకు కాదు అంటారు, సరే. అమెరికాలో అరిజోనాలో హవాసుపాయ్ అనే తెగవాళ్ళు 1990లలో షుగర్ జబ్బు గురించని రక్తం ఇచ్చారు. యూనివర్సిటీవాళ్ళు దాన్నే స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు మీద, వాళ్ళ పూర్వీకులు ఎక్కణ్ణించి వచ్చారన్నదాని మీద కూడా వాడేశారు. కోర్టుకెక్కితే 2010లో 7 లక్షల డాలర్లూ, మిగిలిన రక్తమూ వెనక్కిచ్చి రాజీ చేసుకున్నారు. "ఏ పరిశోధనకైనా" అన్న మాట చూడగానే నాకు గుర్తొచ్చేది అదే.

గుంటూరు_శెట్టిగారు:
భయపెట్టకండి సార్. మేం ఆర్యవైశ్యులం. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులవడానికి వాడే సక్సినైల్‌కోలిన్ మందు మావాళ్ళలో కొందరికి త్వరగా విరగదు, ఊపిరి తిరిగి రావడానికి గంటలు పడుతుంది. అది జన్యులోపం అని, మాలో ఎక్కువని తేలిందంటే ఎవరో రక్తం ఇచ్చారు కాబట్టే. మా చెల్లి సిజేరియన్‌కి ముందు మత్తు డాక్టరే అడిగాడు, మీరు వైశ్యులా అని. కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఇలాంటివి ఒక మనిషి గురించి చెప్పి ఊరుకోవు, కులం మొత్తానికి అంటుకుంటాయి. సంబంధాల దగ్గర ఎవడో ఇదే పట్టుకు కూర్చుంటే? సంతకం ఒక్కరిది, మాట అందరిదీ. అందుకే శాంపిల్ ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో డాక్టర్లే కాక బయటివాళ్ళెవరున్నారో నేనైతే అడుగుతా.

కృష్ణలంక_కుర్రాడు:
అందరికీ థాంక్స్. ఈరోజు వెళ్ళి అడిగా. వేరే ఫారం ఉందట! అడిగినవాళ్ళకే ఇస్తారు కాబోలు. కోడ్ నంబరేనట, బ్లాక్ ల్యాబులోనే ఉంటుందని చేత్తో రాసిచ్చారు. అమ్మ "ఏ పరిశోధనకైనా" కొట్టేసి "క్యాన్సర్ పరిశోధనకి" అని తనే రాసి సంతకం పెట్టింది, అన్నయ్య ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడు. కంపెనీలకి ఇస్తారా అన్నదానికి మాత్రం సమాధానం లేదు, పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీని అడగమని ల్యాండ్‌లైన్ నంబర్ ఇచ్చారు. పొద్దుట్నుంచి నాలుగుసార్లు చేశా, ఎత్తట్లేదు.