రంగస్థల నటుడు సీరియల్‌కి వెళ్తే నాటకానికి అన్యాయం చేసినట్టేనా?

చిక్కడపల్లి ప్రేక్షకుడు:
అందరికీ నమస్కారం. త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో నాటకం పడిందంటే వదలకుండా చూసే మనిషిని. స్టేజి మీద గిరీశం వేషంతో హాలంతా ఊపేసిన నటుడు ఇవాళ సీరియల్లో హీరోయిన్‌కి బాబాయిగా సోఫా వెనక నిలబడుతున్నాడు. ఎపిసోడ్‌కి రెండు ముక్కల డైలాగు, మిగతాదంతా రియాక్షన్ షాట్లే. కొత్త నాటకానికి పిలిస్తే డేట్లు లేవంటాడు. ఒకరిద్దరు కాదు, ఇలా వెళ్ళినవాళ్ళు చాలామంది. వీళ్ళు నాటకానికి అన్యాయం చేశారనే నా అభిప్రాయం. కాదనేవాళ్ళు చెప్పండి.

తెర వెనక మనిషి:
అన్నా, నేను కాదంటాను. ఏళ్ల తరబడి ఒక నాటక సమాజంలో లైటింగ్ చూస్తున్నాను, ఆ అనుభవంతో రాస్తున్నా.

నాటకాన్ని పట్టుకుని ఉన్న పాతవాళ్ళని గుర్తు చేసుకోండి. చాలామంది వెనక నెలజీతం ఉండేది. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేశారు. జయప్రకాశ్ రెడ్డి గారు లెక్కల మాస్టారు. సాయంత్రం ఆఫీసు వదలగానే రిహార్సల్‌కి వచ్చేవాళ్ళు, ఒకటో తారీఖున జీతం పడేది. ఇప్పటి పిల్లలకి ఆ ఉద్యోగాలేవి? సెంట్రల్ యూనివర్సిటీలోనో తెలుగు యూనివర్సిటీలోనో రంగస్థల కళలు చదివి బయటికొచ్చిన కుర్రాడికి ఈ ఊళ్ళో అద్దె కట్టుకునే దారి సీరియలే. వాడు వెళ్ళకుండా ఉండటానికి మనం ఏం ఇచ్చాం?

మన నాటకం ఎక్కువగా నాటక పరిషత్తులు పెట్టే పోటీల కోసమే తయారవుతుంది. వారాల తరబడి రిహార్సల్ చేస్తాం, నాలుగైదు పరిషత్తుల్లో ప్రదర్శనలు పడతాయి, వచ్చిన బహుమతి డబ్బు ప్రయాణాలకీ సెట్టుకీ సరిపోతుంది. ఆ తర్వాత ఆ నాటకం అటకెక్కుతుంది. టికెట్ కొని చూసే అలవాటు మనం నిలుపుకోలేదు. మరాఠీవాళ్ళు నిలుపుకున్నారు. వాళ్ళ నటుడు ప్రశాంత్ దామ్లే సినిమాలు, సీరియళ్ళు చేస్తూనే 2022లో తన 12,500వ నాటక ప్రదర్శన ఇచ్చారు. అక్కడ సీరియళ్ళు లేవా, టీఆర్పీలు లేవా? అన్నీ ఉన్నాయి. తేడా అంతా టికెట్ దగ్గరుంది. మనలో టికెట్ మీద బతికిందంటే సురభివాళ్ళే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, తరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నాటకం మీద ఉన్నాయి. వాళ్ళది ఎంత కష్టమో శేరిలింగంపల్లిలో వాళ్ళ కాలనీకి వెళ్తే తెలుస్తుంది.

మణికొండ సెట్టు:
పై మాటల్లో అందరూ మగవాళ్ళే, అందుకే రాయాలనిపించింది. పరిషత్తు నాటకంలో మగ ఆర్టిస్టులు చాలామంది ఉద్యోగం చేసుకుంటూ ఇష్టంకొద్దీ వేసేవాళ్ళు. ఆడ ఆర్టిస్టులకి మాత్రం అదే కూడు. ప్రదర్శనకి ఇంత అని మాట్లాడుకోవడం, రాత్రికి రాత్రి బస్సెక్కి ఇంకో ఊరు, ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాలకి రెండు మూడు వేషాలు. మా అమ్మ అలాగే మమ్మల్ని పెంచింది.

నేనూ స్టేజి మీదే మొదలుపెట్టి ఇప్పుడు సీరియల్స్‌లో అత్త, వదిన వేషాలు వేస్తున్నాను. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా షూటింగ్, అయినా రాత్రికి నా ఇంట్లో పడుకుంటాను. కష్టం లేదని చెప్పను. గురువారం రేటింగ్ పడిపోయిందంటే మన ట్రాక్ ఎప్పుడు తీసేస్తారో అని టెన్షన్. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగినప్పుడు మాదీ రోజుకూలీ బతుకేనని అర్థమైంది. అయినా జూన్‌లో సెట్లు తెరిచారు. నాటకం హాళ్ళు ఆ తర్వాత కూడా చాలాకాలం మూసే ఉన్నాయి. అప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగింది దేనివల్లో చెప్పండి సార్.

చిక్కడపల్లి ప్రేక్షకుడు:
అమ్మా, మీ సంపాదనని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా బాధ విద్య గురించి. సెట్టులో అసిస్టెంట్ డైరెక్టర్ ఒక్కో లైను ప్రాంప్టింగ్ ఇస్తాడు, నటుడు అందుకుని చెప్తాడు. చాలామందికి తర్వాత వేరేవాళ్ళ గొంతుతో డబ్బింగ్. కార్తీకదీపంలో జనం నెత్తిన పెట్టుకున్న వంటలక్క, కేరళ నటి ప్రేమీ విశ్వనాథ్. ఆమె ముఖంలో నటన ఉంది, ఒప్పుకుంటాను. కానీ అది మైకు పక్కనే ఉండే నటన. చివరి వరుసకి పద్యం వినిపించిన మనిషి ఏళ్ల తరబడి ఆ పద్ధతిలో పనిచేశాక, రెండు గంటల నాటకాన్ని జ్ఞాపకంతో, ఊపిరితో మొయ్యగలడా? నాకు నమ్మకం లేదు.

మణికొండ సెట్టు:
స్టేజి నుంచి వచ్చినవాళ్ళకి ప్రాంప్టింగ్ అంతగా అక్కర్లేదు సార్. పేజీ ఒకసారి చూసుకుని సింగిల్ టేక్‌లో చెప్పేస్తాం, సెట్లో మాకున్న గౌరవం దానివల్లే. ఊపిరి సంగతి మాత్రం నిజం. గొంతెత్తే పని రాదు. అందుకే నేను పొద్దున్నే పద్య సాధన మానలేదు. నన్ను పిలవండి, వేస్తాను. కాకపోతే డేట్లు నా చేతిలో లేవు.

తెర వెనక మనిషి:
అసలు చిక్కు ఆ డేట్లే. జయప్రకాశ్ రెడ్డి గారు సినిమాల్లో పేరొచ్చాక కూడా 'అలెగ్జాండర్' వేయగలిగారంటే, అది ఏకపాత్ర నాటకం కాబట్టి. ఎవరి డేట్లూ కలవక్కర్లేదు. పదిమంది పాత్రధారులుంటే రిహార్సలే కుదరదు. అందుకని సీరియల్ ఒప్పందంలోనే నెలకో శని, ఆదివారాలు నాటకానికి వదలాలని సమాజాలన్నీ కలిసి అడగాలి. ముందే కొన్ని ఎపిసోడ్లు తీసిపెట్టుకునే సెట్టుకి అదేం మోయలేని భారం కాదు. మనవైపు నుంచి ఫ్రీ పాసులు మానేయాలి. అన్నా, రెండువందల టికెట్ పెడితే కొంటారా?

చిక్కడపల్లి ప్రేక్షకుడు:
ఇంట్లో నలుగురికీ కొంటాను. కానీ పోటీ కోసం రాసిన గంట నాటికకి కొనను తమ్ముడూ, పూర్తి నిడివి కొత్త నాటకం కావాలి. మీ సమాజం దగ్గర ఇప్పుడు అలాంటి స్క్రిప్టు ఉందా? ఉంటే ఈ అమ్మగారికి తగిన వేషం అందులో ఉందో లేదో ఇక్కడే రాయండి.