సమస్యాపూరణం: నీట మునిగిన బాలిక నిలిచి నవ్వె

ఇచ్చిన చివరి పాదానికి ముందు మూడు పాదాలు కట్టి అర్థం కుదర్చడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులోని పాదం. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడు కుదరడం) నీ–ని. మునిగిన పిల్ల నవ్వడమేమిటన్నది చిక్కు. పూరణకు ఒక షరతు పెడుతున్నాను: పద్యం పిల్లల సాహస నవల చదివే ఆనందం చుట్టూ తిరగాలి.

నా మనసులో ఉన్నది రిక్ రయోర్డన్ నవల ‘డాటర్ ఆఫ్ ద డీప్’. 2021లో వచ్చింది. జూల్స్ వెర్న్ 1869–70లో ధారావాహికగా రాసిన సముద్రగర్భ యాత్ర కథే దానికి పునాది. ఇందులో కథానాయిక పేరు ఆనా దక్కర్, వెర్న్ కథలోని నౌక నాయకుడు కెప్టెన్ నెమో వంశంలో పుట్టిన పిల్ల. రాత్రి పది పేజీలు చదివి పడుకుందామని తెరిచాను, వంద దాటాక గానీ మూయలేదు. చదవనివారు ఉన్నారు కనుక కథ చివర జరిగేవి పద్యాల్లో పెట్టకండి.

ఇద్దరు పిల్లల తల్లి పూరణ:

పుస్తకమ్మను కడలిలోఁ బుటలె యలలు
చదువుకొలఁదిని లోతుకు జారిపోయి
అమ్మ పిలిచిన యంతలో నదరి లేచి
నీట మునిగిన బాలిక నిలిచి నవ్వె.

నిర్వాహకుడు: అమ్మా, ‘పుటలె యలలు’ చాలా బాగుంది. పిలిస్తే ఉలిక్కిపడి, ఎక్కడున్నానో తెలియక ఒక్క క్షణం తెల్లబోయి, ఆ తర్వాత నవ్వే పిల్ల ముఖం కళ్లకు కట్టింది. ఒకటే సవరణ. ‘జారిపోయి’ తర్వాత ‘అమ్మ’ అని అచ్చుతో మొదలుపెడితే విసంధి, అంటే రెండు అచ్చులను కలపకుండా వదిలేసిన దోషం. క్త్వార్థక ఇకారానికి (‘పోయి’, ‘చేసి’ వంటి మాటల చివరి ‘ఇ’కి) సంధి లేదు కనుక యడాగమం, అంటే మధ్యలో ‘య’కారం, వస్తుంది. ‘యమ్మ పిలిచిన’ అనండి, యతికేమీ ఇబ్బంది లేదు.

లెక్కల మాస్టారి పూరణ:

లోతు కాదది దూరమ్ము లోకమంత
రెండు మారులు చుట్టిన రీతి యనుచు
గురుఁడు లెక్కలు చెప్పఁగా గుర్తెఱింగి
నీట మునిగిన బాలిక నిలిచి నవ్వె.

నిర్వాహకుడు: మాస్టారూ, విషయం అమూల్యం. వెర్న్ పుస్తకం పేరులోని ఇరవై వేల లీగులు లోతు అనుకునేవారే ఎక్కువ. లీగుకు 4 కిలోమీటర్లు వేసుకుంటే 80,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖ చుట్టుకొలత దాదాపు 40,000. అంటే నీటి అడుగున నౌక తిరిగిన దూరమది, మీరన్నట్టు భూమికి రెండు చుట్లు. ఛందస్సూ నిర్దోషం. కానీ సమస్య మాత్రం పూరింపబడలేదు. గురువు లెక్క చెప్పాడు సరే, పిల్ల నీట ఎందుకు మునిగింది? మొదటి మూడు పాదాలు ఆ ప్రశ్నకు జవాబివ్వకపోతే నాలుగోది పక్కన నిలబడ్డ పరాయి పాదమే అవుతుంది.

లెక్కల మాస్టారు: ఒప్పుకుంటున్నాను. అంత లోతుకు దిగిన ఓడ మళ్లీ పైకి వస్తుందా అన్న దిగులు పిల్లది. ఆ దిగులే నీరు. మూడో పాదం ఇలా మార్చాను:

తిరిగి లెక్కలు చెప్పఁగాఁ దెలిసి, దిగులు
నీట మునిగిన బాలిక నిలిచి నవ్వె.

నిర్వాహకుడు: ఇప్పుడు పూరణ అయింది. గురువు పద్యంలోంచి తప్పుకున్నా లోటు తెలియడం లేదు.

ఒక అక్కయ్య పూరణ:

పగడపుందోఁటలో మిత్రుఁ బాతినట్టి
ఘట్టమందున గుండెలు కలఁగిపోవ
మరల నోడ కదలునంత మఱచి, కంటి
నీట మునిగిన బాలిక నిలిచి నవ్వె.

నిర్వాహకుడు: ఈ వారానికి నాకు అన్నిటికన్నా నచ్చిన విరుపు ఇదే. ‘కంటి’ మూడో పాదం చివర ఆగి, ‘నీట’ను తనలో కలుపుకుంది. సముద్రం కాస్తా కన్నీరైపోయింది! పగడాల శ్మశానం వెర్న్ పాత పుస్తకంలోది. చనిపోయిన నావికుణ్ణి నెమో, అతని మనుషులు సముద్రపుటడుగున పగడాల మధ్య పూడ్చే ఘట్టం. ‘మఱచి’కి కర్మ లేదు, దుఃఖాన్ని అని మనమే ఊహించుకోవాలి. అర్థం తెలుస్తూనే ఉంది గనుక నేను పట్టుపట్టను.

లెక్కల మాస్టారు: నేను పట్టుపడతాను. కన్నీటిలో మునిగిన పిల్ల ఏం మరిచిందో చెప్పకపోతే రెండో పాదం బరువు తగ్గుతుంది.

అక్కయ్య: మాస్టారూ, చదివేవాళ్లకు ఆ మాత్రం పని వదలాలని నా పట్టుదల. ఉంచేస్తున్నాను.

తొమ్మిదో తరగతి తమ్ముడి పూరణ (మొదటి ప్రయత్నం):

తాత తాతల నౌకను దాను కనియె
మిత్రమై వచ్చె డాల్ఫిను మేనుఁ దాఁకె
గాలితిత్తిని మూతికి బిగియఁగట్టి
నీట మునిగిన బాలిక నిలిచి నవ్వె.

నిర్వాహకుడు: నాయనా, మొదటి పద్యానికే నాలుగు పాదాల్లో గణాలన్నీ కుదిరాయి! మూడో పాదంలో యతి తప్పింది, గా–బి కి మైత్రి లేదు. ఇంకొక మాట. వెర్న్ కథలో గాలి ఇనుప డబ్బాలో ఉంటుంది, అది వీపున ఉంటుంది. రుకెరోల్, దెనెరూజ్ అనే ఫ్రెంచివారు 1860లలో చేసిన పరికరం అది, నెమోయే దాని పేరు చెబుతాడు. కాబట్టి ఇలా దిద్దుకో:

గాలితిత్తిని వీపునఁ గట్టుకొనుచు

ఒక్క మార్పుతో యతి కుదిరింది, పరికరమూ దాని చోటికి చేరింది. నవ్వుకు కారణం కూడా పద్యంలోనే ఉంది: ఊపిరి ఉంది, స్నేహితుడు వచ్చాడు.

తమ్ముడు: సార్, గణాలు వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను, యతి మరిచిపోయాను. నెమో నిజంగా మన దేశం వాడేనా?

నిర్వాహకుడు: మొదటి పుస్తకంలో నెమో ఎక్కడివాడో వెర్న్ చెప్పలేదు. నెమో అంటే లాటిన్‌లో ‘ఎవడూ కాదు’ అని. 1875లో ముగిసిన తన మరో నవల ‘మిస్టీరియస్ ఐలాండ్’లో గుట్టు విప్పాడు: అతను బుందేల్‌ఖండ్ రాజకుమారుడు దక్కర్, 1857 తిరుగుబాటులో పోరాడినవాడు. వెర్న్ విడిచిన ఆ దారాన్నే ఆనా కథ పట్టుకుంది. పేరే లేకుండా బతికిన మనిషి పేరును ఒక ఆడపిల్ల మళ్లీ పైకి తేవడం నన్ను కదిలించింది. నా పూరణ:

ఎవఁడు కానను పేరున నెందొ దాఁగు
రాజు కులమునఁ బుట్టిన రత్నమనఁగఁ
దాత పేరును నిలుపంగఁ దలఁచి, కడలి
నీట మునిగిన బాలిక నిలిచి నవ్వె.

అక్కయ్య: ‘రత్నమనఁగ’ అరువు మాటలా ఉంది, ఎవరి పద్యంలోనైనా ఇమిడిపోతుంది. మొదటి పాదం మాత్రం మీదే.

నిర్వాహకుడు: నిజమే అక్కయ్యా. రెండో పాదం రేపటికి మార్చి పెడతాను.