సెవిల్ పాతబస్తీలో రుచుల నడక: శాకాహారి తోడుంటే వెళ్ళవచ్చునా?

ప్రశ్న: గౌతమీతీరం

వచ్చే ఏప్రిల్‌లో నేనూ, మావారూ, మా అత్తగారూ స్పెయిన్ వెళ్తున్నాము. సెవిల్ పాతబస్తీలో గైడు వెంట కొన్ని అంగళ్ళు, బార్లు తిరుగుతూ అక్కడి వంటకాలను కొద్దికొద్దిగా రుచి చూసే సాయంకాలపు నడక ఒకటి తీసుకోవాలని ఉంది. మేమిద్దరం అన్నీ తింటాము. అత్తగారు మాత్రం గుడ్డు కూడా ముట్టరు. అయితే ఊరు చూడాలనీ, దాని కథలు వినాలనీ మాకంటే ఆవిడకే ఎక్కువ కోరిక. పైకప్పుకు పంది తొడలు వేలాడే చోట ఆవిడను నిలబెట్టి, మేము తింటుంటే ఆవిడ చూస్తూ ఉండడం నాకు ఇష్టం లేదు. ఆవిడ నిజంగా తినదగినవి అక్కడ ఉంటాయా, లేక గైడు లేకుండా మేమే తిరగడం మేలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: నారింజచెట్టు

నమస్కారమండీ. నేను సెవిల్‌లోనే ఉంటున్నాను. మీ అత్తగారిని తప్పకుండా తీసుకురండి. బార్ అనగానే ఆవిడ జంకనక్కరలేదు, ఎందుకంటే ఇక్కడ బార్లకు తాతలు, అమ్మమ్మలు, పసిపిల్లలు కూడా కుటుంబంతో కలిసి వస్తారు. కాని బుక్ చేసేటప్పుడు శాకాహారి అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఇక్కడ మాంసం వద్దన్నా పళ్ళెంలో ట్యూనా చేపో, సన్నగా తరిగిన హామో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) కనిపించడం మామూలే. మాంసం, హామ్, చేప, గుడ్డు, పందికొవ్వు, ఎముకలు వేసి కాచిన నీళ్ళు కూడదని పేరుపేరునా రాయండి. శ్రద్ధగల గైడు ఏ చోట ఆవిడకు ఏం పెట్టగలరో ముందే తిరిగి రాస్తారు. అలా రాయనివారికి డబ్బు కట్టకండి.

ఆవిడకు నేను మొదట పెట్టించేది ఎస్పినాకాస్ కోన్ గర్బాంసోస్. ఇది పాలకూర, కాబూలీ శనగలు కలిపి వండే కూర. ఆలివ్ నూనెలో వేయించిన రొట్టెను వెల్లుల్లితో నూరి చిక్కదనం కోసం కలుపుతారు, జీలకర్ర, ఎర్ర మిరపపొడి వేస్తారు. జీలకర్ర ఘాటు వల్ల మనవాళ్ళకు మొదటి ముద్దకే నచ్చుతుంది. 1670 నుంచి నడుస్తున్న ఎల్ రింకోన్సియో అనే బార్ ఈ కూరకు పేరుపొందింది. మీరు తిన్నదాని లెక్కను అక్కడ ఇప్పటికీ చెక్కబల్ల మీదే సుద్దముక్కతో రాస్తారు. ఈస్టర్‌కు ముందు మాంసం మానే రోజుల్లో ఈ కూర ఊరంతా దొరుకుతుంది, అయితే కొందరు అందులో ఎండబెట్టిన కాడ్ చేప కూడా వేస్తారు కాబట్టి అడిగి తినాలి.

గైడు ఎందుకు కావాలంటారా? ఇక్కడి పళ్ళెంలో ఈ ఊరి చరిత్ర అంతా ఉంది. 712 నుంచి 1248 వరకు సెవిల్ ముస్లిం పాలకుల చేతిలో ఉండేది. పాలకూర, వంకాయ, చెరకు, పుల్లనారింజ ఈ దేశంలో వేళ్ళూనుకున్నది ఆ కాలపు తోటల్లోనే. తరువాత 1503లో అమెరికా వ్యాపారాన్ని చూసే రాచకార్యాలయం ఇక్కడ వెలిసింది. రెండు శతాబ్దాలకు పైగా ఆ ఖండపు సరుకు ఈ ఊరి అధీనంలోనే దిగేది, టమాటా, మిరప స్పెయిన్ వంటలో చేరింది ఆ రాకపోకల వల్లే. మన వంటింటికి మిరపను పోర్చుగీసు ఓడలు తెచ్చాయి. ఈ కథలు విన్న తరువాత అదే కూర తింటే మీ అత్తగారికి కలిగే ఆనందం వేరు.

జవాబు: కృష్ణలంక

పై మాటలతో ఏకీభవిస్తూనే, సాయంకాలం వద్దని నా అభిప్రాయం. రాత్రి భోజనం అక్కడ తొమ్మిది దాటాకే మొదలవుతుంది. బార్లలో చాలాచోట్ల జనం మధ్య నిలబడే తినాలి కనుక మూడు గంటల నడక పెద్దవారికి భారమవుతుంది. పొద్దుటిపూట త్రియానా సంతకు తీసుకువెళ్ళే నడకలు ఉన్నాయి, అవి చూడండి. గ్వాదల్‌కివీర్ నది వంతెన దాటగానే ఉండే ఆ సంత సాన్ హోర్హే కోట శిథిలాల మీద కట్టినది. మతవిచారణ న్యాయస్థానం ఒకప్పుడు ఆ కోటలోనే ఉండేది. పందిమాంసం తినకపోవడమే చాటుగా యూదు, ముస్లిం మతాలను పాటిస్తున్నారనే నేరానికి ఆనవాలుగా ఎంచబడిన రోజులవి. హామ్‌కు అక్కడ అంత గౌరవం ఎందుకో ఆ శిథిలాల పక్కన నిలబడి వింటే బాగా అర్థమవుతుంది. సంతలో ఆలివ్ కాయలు, పండ్లు ఆవిడ నిశ్చింతగా తినవచ్చు. ఆదివారం మాత్రం చాలా అంగళ్ళు మూసి ఉంటాయి.

చీజ్ విషయంలో జాగ్రత్త పడండి. సంప్రదాయంగా చేసే చీజ్‌లలో పాలను విరగగొట్టడానికి గొర్రెపిల్ల లేదా దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడుతారు. ఆవిడకు అది పట్టింపైతే గైడుకు రాసే జాబితాలో చేర్చండి.

జవాబు: బెల్లంపాకం

మిఠాయిల సంగతి ఎవరూ చెప్పలేదు. సాన్ లెయాంద్రో మఠంలో సన్యాసినులు చేసే యెమాస్ పూర్తిగా గుడ్డుసొనతో చేసినవి, మాంతెకాదోస్‌లో పందికొవ్వు ఉంటుంది. రెండూ ఆవిడకు పనికిరావు. అయినా ఆ మఠానికి వెళ్ళండి. సన్యాసినులు బయటివారి కంట పడకుండా గోడలోని తిరుగుడు చెక్క అరలో మిఠాయి పెట్టి తిప్పుతారు, మనం డబ్బు పెట్టి తిప్పాలి. ఆవిడకోసం తోర్తాస్ దే అసేయితే కొనండి. ఆలివ్ నూనె, గోధుమపిండి, పంచదార, నువ్వులు, సోంపు రుచినిచ్చే గింజలతో చేసే పల్చని కరకరలాడే రొట్టెలవి.

గౌతమీతీరం

అందరికీ కృతజ్ఞతలు. పొద్దుటి త్రియానా నడకకే రాస్తున్నాను, మీరు చెప్పిన పదార్థాలన్నీ పేరుపేరునా పెట్టాను. తేనెపాకం పోసిన వంకాయ వేపుడు, సల్మొరేహో ఆవిడ తినవచ్చునా?

నారింజచెట్టు

సల్మొరేహో అంటే టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చల్లని చిక్కని పులుసు. పైన చల్లే గుడ్డు, హామ్ వద్దని వడ్డించకముందే చెబితే చాలు. వంకాయ మీద పోసేది చెరకుపాకం, దానికి అభ్యంతరం లేదు. కాని చాలా బార్లలో చేపలు వేయించిన నూనెలోనే వంకాయలూ వేయిస్తారు, కొందరు పిండిలో గుడ్డు కలుపుతారు. అందువల్ల వేపుళ్ళకు విడిగా నూనె ఉన్న చోటు ఏదో గైడునే అడిగి, అక్కడ మాత్రమే తీసుకోండి.