వర్డ్స్‌వర్త్ లండన్ పద్యం: ఊరు బట్ట కట్టుకుందా, కట్టుకోలేదా?

కపిలతీర్థం పిల్లోడు:
అన్నలూ అక్కలూ, డిగ్రీ ఇంగ్లీష్‌లో వర్డ్స్‌వర్త్ అనే ఇంగ్లీష్ కవి లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి మీద రాసిన సానెట్, అదే పద్నాలుగు లైన్ల పద్యం, ఉండాది నాకు. మొన్న ఇంటర్నల్‌లో సిమిలీ (ఉపమ), పర్సనిఫికేషన్ (ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పడం) ఉన్నాయి అని రాస్తే పదికి మూడేసినారు, పేర్లు రాస్తే చాలదంట, అవి ఏం పని చేస్తాండాయో రాయాలంట. నాకు తెగనిది ఏందంటే నగరం పొద్దుటి అందాన్ని బట్టలా కట్టుకుంది అంటాడు, పక్క లైన్లోనే బేర్‌గా, అంటే ఒంటిమీద ఏమీ లేకుండా ఉంది అంటాడు. ఏంది ఇది? చివర్లో పెద్ద గుండె కదలకుండా పడుంది అంటే ఊరు చచ్చిపోయిందనా?

చిత్తూరు టీచరమ్మ:
టెన్త్‌లో ఉపమాలంకారం చదివింటావు కదా నాయనా, అట్లే విడదీయి. పొద్దుటి అందం ఉపమేయం, బట్ట ఉపమానం, కట్టుకోవడం సమాన ధర్మం. ఇప్పుడు ఆ లైన్లో 'నౌ' (ఇప్పుడు) అనే చిన్న మాట చూడు, అసలు పని దానిదే. బట్ట ఒంట్లో భాగం కాదు, కట్టుకున్నది విప్పేస్తారు. ఇంకాసేపటికి పొయ్యిలు రాజేస్తే బొగ్గుపొగ ఊరంతా కప్పేస్తుంది, అందుకే పనిగట్టుకుని 'పొగలేని గాలి' అన్నాడు. బేర్ అంటే ఆ పొగ ముసుగు లేదని, ఓడలు టవర్లు డోములు థియేటర్లు గుళ్లు అన్నీ ఆకాశానికి తెరుచుకుని కనపడతాయి. ముసుగు తీసి వెలుగు కట్టుకుంది, అంతే. ఆయన చెల్లెలు డొరోతీ కూడా డైరీలో ఇళ్ల మీద పొగమబ్బు లేదనే రాసుకుంది, కాకపోతే ఆమె లెక్క ప్రకారం వాళ్లు ఆ బ్రిడ్జి దాటింది జులై ఆఖర్లో, పద్యం పైన మాత్రం 1802 సెప్టెంబర్ 3 అని ఉంటుంది.

నైట్ డ్యూటీ నాని:
నాకు పద్యాలు పెద్దగా రావు గానీ డ్యూటీ దిగి మన తిరుపతి శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద బండ్లో వస్తాంటే ఒక పది నిమిషాలు ఉంటుంది సామీ, ఇడ్లీ బండోడు స్టవ్ ముట్టించలేదు, ఆటోవోళ్లు కాళ్లు బయటికి చాపి గుర్రు పెడతాంటారు, ఎదురుగా కొండ. గుండె అంటే ఆ పది నిమిషాలే అనుకుంటా, చావు కాదు నిద్ర. ఇళ్లు నిద్రపోతాన్నట్టుండాయి అని ముందు లైన్లోనే చెప్పినాడుగా.

పాత పుస్తకాల పిచ్చి:
నిద్రపోతే గుండె ఆగుతుందా నానీ? ఆ ఇబ్బంది కావాలనే పెట్టినాడు అంటా నేను. కొట్టుకుంటా ఉన్నంతసేపూ ఆ ఊరు ఆయనకి వట్టి మెషీన్, ఆగినప్పుడే దానికి గుండె ఉందని తెలిసింది. క్లీంత్ బ్రూక్స్ అనే విమర్శకుడు 1947లో దాదాపు ఇట్లే చెప్పినాడు, నిద్ర అన్నాడంటేనే ప్రాణం ఉన్నట్టు అని. ఇంకోటి తమ్ముడూ, ఆన్సర్‌లో ఆ బ్రిడ్జి పక్కనుండే బిగ్ బెన్ ఊసెత్తొద్దు, ఆ టవర్ గడియారం నడిచింది 1859లో. ఇప్పుడుండే బ్రిడ్జి కూడా 1862ది, ఆయన నిలబడింది దానికి ముందుది.

కపిలతీర్థం పిల్లోడు:
అక్కా అన్నా సూపర్, రాసుకున్నా. ఇంకొక్కటి, థేమ్స్ తన ఇష్టప్రకారం పారుతుంది అన్నచోట 'హిజ్' అని మగోడ్ని చేసినాడేంది? మనకి నదులు దాదాపు అన్నీ ఆడోళ్లే కదా.

చిత్తూరు టీచరమ్మ:
వాళ్లకి థేమ్స్ తండ్రి నాయనా, ఫాదర్ థేమ్స్ అంటారు. అందరూ పడుకోనుంటే కదిలేది ఆయనొక్కడే, అది రాయి. మన స్వర్ణముఖి సంగతి మాత్రం అడగొద్దు, ఆయమ్మ ఇష్టానికి పారి ఎన్నాళ్లయిందో, ఎప్పుడు చూసినా ఇసకే.